మెట్లు పీకిన గిటారు

వడ్రంగం నేర్పే ఇన్‌స్ట్రక్టరుగా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ కాలంలో నా చేతుల మీదుగా పోయిన తలుపులూ, బల్లలూ, కుర్చీలూ ఎన్నో నాకే గుర్తులేదు. అవి బాగానే కుదిరాయి కాబట్టి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. గుర్తున్నవన్నీ చెడగొట్టిన పనులే. అలాంటి ఒక పని గురించి, ఇప్పుడిప్పుడే చేతిపని నేర్చుకుంటున్న మీలాంటి పిల్లలకు చెప్పాలని చాలా రోజులుగా ఉంది. దాన్ని నేను చెడగొట్టానో, బాగుచేశానో ఇప్పటికీ నాకు తేలలేదు. చదివాక మీకు తేలితే నాకూ చెప్పండి.

రెండువేల దశకం సగానికొచ్చిన రోజులవి. వనపర్తిలో మా శిక్షణ కేంద్రం వర్క్‌షాపు అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఈ చివర మా వడ్రంగం, నడుమ ఫిట్టర్లు, ఆ చివర ఎలక్ట్రీషియన్లు. మా రంపపు పొట్టు ఎగిరొచ్చి తన మోటార్లలో పడుతుందని ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టరు రోజూ నాతో తగువు పడేవాడు. నాకు ముక్కు మీద కోపమని పేరు. అది ఉత్త పేరు కాదు. పిల్లలు రెండు ముక్కలు అతికి తెస్తే కళ్లు మూసుకుని, ఆ అతుకు మీద బొటనవేలి గోరు లాగి చూసేవాణ్ణి. గోరు తట్టిందా, ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. "అతుకు కంటికి కనపడొద్దు, గోరుకు తగలొద్దు. కనపడిందంటే నువ్వు చెక్క పని చెయ్యలే, మాసికేసినవ్" అనేవాణ్ణి. ఏటా కొత్త బ్యాచీకి మొదటి రోజు చెప్పే మాట అదే.

మా స్టోరు చూసే తమ్ముడు నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఊరు వీపనగండ్ల అవతల ఒక పల్లె. కొత్త ఉలి కావాలంటే అరిగిపోయిన పాత ఉలి తెచ్చి చూపించమనే రకం. ఆదివారం మాత్రం వేరే మనిషి. వాళ్ల ఊరి చర్చిలో బేస్ గిటారు వాయించేవాడు. అదేమిటని మొదట్లో నేనే అడిగాను. నాలుగే లావుపాటి తీగలు, పాట కంటే ముందుకు రాకుండా కింద నుంచి గుమ్ముగా మోగుతుందట. "పాటకు అది పునాది అన్నా. ఉన్నప్పుడు ఎవ్వరు చూడరు, లేకుంటె అందరికి తెలుస్తది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అతుకు గురించి నేను చెప్పేదీ దాదాపు అదే కదా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం తినే వేళ, ఆ గిటారును గోనెసంచిలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చవకరకం వస్తువు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలించుకున్నది. ఎర్ర రంగు అంచుల్లో పెచ్చులు లేచింది. మెడ మీద మాత్రం మంచి నల్లటి చెక్క పరిచి ఉంది. దాని మీద అడ్డంగా సన్నటి లోహపు కడ్డీలు, వీణకు మెట్లున్నట్టు.

"దీని మెట్లన్ని పీకెయ్యాలె అన్నా."

"పాడైనయా?"

"లేదు, మంచిగున్నయి. మంచిగున్నయి గనకనే పీకాలె."

చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అతని మొహం చూశాను. అన్నేళ్లుగా అందరూ ఊడిపోయినవి బిగించమనే వచ్చారు. బిగిసి ఉన్నవి పీకమని వచ్చినవాడు ఇతనొక్కడే.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది వాళ్ల పెద్దమ్మ. వయసులో ఉన్నప్పుడు ఆమె కూలీల గుంపు మేస్త్రీ వెంట కాలువల పనులకూ, డ్యాముల పనులకూ కర్ణాటక వైపు తిరిగిన మనిషి. అక్కడ మట్టి పని దగ్గర పాడేది, ఊరికి వచ్చినప్పుడు చర్చిలో పాడేది. చదువు రాదు. కీర్తనలన్నీ నోటికి వచ్చు గానీ వాటి వరసలు ఆమె సొంతం. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పాట ఎత్తుకునేది ఆమే, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఆ ఏడు చర్చికి కీబోర్డు వచ్చింది. దాన్ని వాయించడానికి ఒక ప్రైవేటు బడి టీచరు కుదిరాడు. ఒక ఆదివారం అతను పాట మధ్యలో ఆపి, "అవ్వా, నీ శ్రుతి కీబోర్డుకు కలుస్తలేదు, నడుమ నడుమ జారుతున్నవ్" అన్నాడట, అందరి ముందూ. ఆ తర్వాతి వారం నుంచి ఆమె వెనకాల చాప మీద కూర్చుని నోరు తెరవడం మానేసింది.

"నాలుగు నెలలాయె అన్నా. ఇంట్ల గూడ కూనిరాగం తియ్యదు. చర్చిల కోత పండుగ ఇంక మూడు వారాలుంది. ఆ పండుగల మొదటి పాట ఎప్పటికి ఆమెదే, నేను పుట్టకముందుకెళ్లి. ఈసారి పాడకుంటె ఇగ ఆమె పాడనే పాడదు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఆమె జారుతలేదన్నా. ఆమె గొంతు మెట్ల మీద నడ్వదు, వాలు మీద నడుస్తది. గీ మెట్లున్నంత సేపు నేను గూడ కీబోర్డు లెక్కనే పోయి మెట్టు మీద నిలబడ్త. మెట్లు లేకుంటె ఆమె యాడుంటె ఆడికి పోవచ్చు. కింద నేనున్ననని తెలిస్తె ఆమెకు ధైర్యమొస్తది. మెట్లు లేని బేస్ గిటార్లు వేరే ఉంటయట గాని, మనకు యాడ దొరుకుతయి?"

చేస్తానన్నాను. లేచి పోతూ అతను ఇంకో మాట అన్నాడు. "ఒక్కటే అన్నా. మెట్లు తీసిన గాళ్లల్ల తెల్ల చెక్క పెట్టు. గీతలు కనబడితె వేలు యాడ పెట్టాలో నాకు తెలుస్తది." విన్నాను, తల కూడా ఊపాను. తల ఊపడానికి ఏం కష్టం.

సొంత పని వర్క్‌షాపులో చేయకూడదు కాబట్టి గిటారును ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గడప దగ్గరే చూసి, "ఇగ గిదొక్కటే తక్కువుండె ఇంట్ల" అంది. వరండాలో చాప పరిచి, దాన్ని పడుకోబెట్టి తీగలు విప్పాను.

ఒక పని మాత్రం బుద్ధిగా చేశాను. ఏది విప్పినా విప్పక ముందు కొలత తీసిపెట్టుకోవడం మా పనివాళ్ల అలవాటు. పొడుగాటి కాగితం పట్టీని మెడ పక్కన ఆనించి, ఇరవై మెట్లకూ ఇరవై పెన్సిల్ గీతలు గీసుకున్నాను. గీశాక చూస్తే అవి సమానంగా లేవు. గిటారు తల వైపు ఎడంగా ఉండి, పొట్ట వైపు వచ్చేకొద్దీ దగ్గరపడుతున్నాయి. చవకరకం కాబట్టి కొలత తప్పారేమో అనుకున్నాను. స్కేలు పెట్టి చూస్తే తప్పలేదు. పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంది. తీగను సగానికి నొక్కితే అదే స్వరం పైన పలుకుతుందని స్టోరు తమ్ముడు తర్వాత చెప్పాడు. నాకు యాభై దాటాక తెలిసిన సంగతి ఇది. తీగ పొడవుకూ స్వరానికీ లెక్క ఉందంటే, నా స్కేలుతో సంగీతాన్ని కొలవచ్చన్నమాట. రెండు రోజులు ఇంట్లో కనపడిన ప్రతి తీగనూ కొలిచి మీటాను, బట్టలారేసే తీగతో సహా. మా ఆవిడ పక్కింటి వాళ్లకు ఏం చెప్పుకుందో నాకు తెలియదు.

మొదటి మెట్టును పట్కారుతో పట్టి లాగాను. దానితోపాటు గోరంత నల్లచెక్క పెచ్చు ఊడి వచ్చింది. నా ప్రాణం పోయినంత పనైంది. అతనికి ఉన్నది ఈ ఒక్క గిటారే. ఆ పెచ్చును తిరిగి అతికించి, కోపం దిగమింగుకుని, మర్నాడు ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టరు దగ్గరికి పోయి టంకం వేసే కరెంటు కడ్డీ అడిగాను.

"చెక్కకు కరెంటుతోని ఏం పని పడ్డది సారూ?" అన్నాడు సంబరంగా. చెప్పాను. "ఇస్త గాని, ఇగ నీ పొట్టు నా మోటార్లల్ల పడొద్దు." సరేనన్నాను. అవసరం మనది.

మెట్టును వేడి చేస్తే లోపలి పాత జిగురు మెత్తబడుతుంది. పట్కారు మూతిని నున్నగా అరగదీసి మెట్టు కిందికి దూర్చి, లాగకుండా కొంచెం కొంచెం నొక్కుకుంటూ పోతే దానంతట అది లేస్తుంది. మిగతా పందొమ్మిదీ అలా వచ్చాయి. ఒక్క పెచ్చు లేవలేదు.

ఇక చిత్రిక పట్టే రందాతో మెడను సాపు చేద్దామని కూర్చున్నాను. చేయి పెట్టి చూస్తే ఆ చెక్క చదునుగా లేదు. నడుమ ఉబ్బి రెండు పక్కలకూ కాస్త వాలి ఉంది. వంకర కనపడితే తీసేయడం నా వృత్తి, చేతులు దురద పెట్టాయి. కానీ ఎవరో కావాలనే అలా చేసినట్టు తోచింది. ఎంత ఆలోచించినా ఎందుకో తెలియలేదు. తెలియనప్పుడు ముట్టుకోకపోవడం మంచిదని రందా పక్కన పెట్టేశాను. ఆ వంపుకు సరిపోయే చెక్క దిమ్మ ఒకటి చేసుకుని, దానికి గరుకు కాగితం చుట్టి తోమాను. ఆ ఒక్కచోట నాకు బుద్ధి పనిచేసింది.

మెట్లు ఊడిన గాళ్లు పూడ్చే దగ్గర ఆ బుద్ధి పనిచేయలేదు. తెల్ల చెక్క నా దగ్గర ఉంది. మా అత్తగారింటి నుంచి వచ్చిన పాత మంచం కోడు కూడా ఉంది. మా వైపు జిట్రేగి అంటారు, గట్టి నల్లచెక్క. ఈ చేతిలో తెల్ల ముక్క, ఆ చేతిలో నల్ల ముక్క పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తెల్లది పెడితే ఇరవై అతుకులూ చర్చిలో ఆఖరి వరసకు కూడా కనపడతాయి. అతుకు కనపడొద్దని అన్ని బ్యాచీలకు చెప్పినవాడి పనిలో ఇరవై అతుకులు. అతనికి గీతలు దేనికి, నెమ్మదిగా అలవాటవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధమని అప్పుడే కొంచెం తెలుసు.

నల్ల ముక్కలను కాగితమంత పలచగా చీల్చి, జిగురు రాసి ఒక్కో గాడిలో దించాను. ఆరాక తోమి, పాలిష్ పట్టాను. వారం పట్టింది. అయ్యాక కళ్లు మూసుకుని గిటారు తల నుంచి పొట్ట దాకా గోరు లాగాను. ఎక్కడా తట్టలేదు. కళ్లు తెరిచి వెతికినా ఒక్క అతుకూ దొరకలేదు. వర్క్‌షాపుకు తీసుకుపోయి అందరికీ చూపించాను. నాతో రోజూ తగువు పడే ఎలక్ట్రీషియన్ కూడా దాన్ని వెలుతురుకు పట్టి, "మెట్లున్న గిటారేనా ఇది? నమ్మబుద్ధైతలేదు" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

శనివారం మధ్యాహ్నం స్టోరు తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. పండుగకు ఇంకా తొమ్మిది రోజులు. తీగలు బిగించి మీటాడు గానీ కరెంటు లేదు. అది కరెంటుతో మోగే గిటారు కాబట్టి దోమ గుయ్యిమన్నంత చప్పుడే వచ్చింది. పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే దాని తల పోయి మా చెక్క అల్మారాకు తగిలింది. ఒక్కసారిగా అల్మారా మొత్తం గుమ్మని మోగింది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "అల్మారాల ఎవరున్నరు?" అంది. నేను ఆ చెక్కకు చెవి ఆనించి, మళ్లీ మీటమన్నాను, మళ్లీ మీటమన్నాను. నా చేత్తో చేసిన అల్మారాలో ఇంత గొంతు ఉందని ఇరవై ఏళ్లుగా నాకు తెలియదు.

"ఇగ పాట వాయి" అన్నాను.

అతను మొదలుపెట్టాడు. రెండు స్వరాలు సరిగ్గా పలికి, మూడోది వంకరగా పలికింది. ఆగి మెడ వైపు చూశాడు. అక్కడ నున్నటి నల్లచెక్క తప్ప ఏమీ లేదు. మెడ పక్క అంచున చిన్న తెల్ల చుక్కలు ఉంటే వాటిని చూసి వేలు పెట్టాడు. ఇంకా చెడింది. ఆ చుక్కలు మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉంటాయి, మెట్టు మీద కాదు. ఉన్న ఆనవాలు అతన్ని తప్పు దారి పట్టిస్తోంది, సరైన ఆనవాలును నేను చెరిపేశాను. నాలుగైదు సార్లు ప్రయత్నించాడు.

"మంచిగ చేసినవ్ అన్నా" అన్నాడు చివరికి. "చాన మంచిగుంది." గోనెసంచిలో చుట్టుకుని పోయాడు. తిట్టినా బాగుండేది.

మా ఆవిడ అంతా వింటూనే ఉంది. "ఆయన అడిగింది గీతలు. నువ్విచ్చింది నున్నదనం. ఎవరి కోసం చేసినవ్ ఆ పని?" అంది. ఆ వారమంతా స్టోరు దగ్గరికి పోవాలంటే మొహం చెల్లలేదు. సిగ్గేసింది. ఎవరో ముసలావిడ నా గొప్ప కోసం నోరు మూసుకుని కూర్చోబోతోందని తెలిసి నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం సగం రోజు సెలవు పెట్టాను. పండుగ సోమవారం. సంచిలో గీతలు కోసే సన్నటి కత్తి, స్కేలు, తెల్ల లప్పం, ఆ కాగితం పట్టీ వేసుకున్నాను. పట్టీ ఉంది కాబట్టి మెట్లున్న చోటల్లా సన్నటి గాటు కోసి లప్పం నింపితే గంటలో గీతలు వస్తాయి. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టుంది" అంటూనే మా ఆవిడ సద్ది కట్టిచ్చింది. వీపనగండ్ల దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటో ఎక్కాను.

ఇంటి ముందు పెద్దమ్మ కాళ్లు చాపుకుని చేటలో పల్లికాయ ఒలుస్తోంది. బక్కటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. అప్పుడే మొదటిసారి చూడడం. తమ్ముడు నన్ను చూసి కంగారుగా మంచం వాల్చాడు. గిటారు తెప్పించుకుని మంచం మీద పెట్టి, పట్టీ పరిచి, కత్తి తీశాను. ఆమె ఒలవడం ఆపింది.

"దాన్నేం కోస్తవు సారూ?"

"గీతలు పెడ్తున్న పెద్దమ్మా. వేలు యాడ పెట్టాలో ఇతనికి తెలుస్తలేదు."

ఆమె చేయి కొంగుకు తుడుచుకుని వచ్చి, ఆ మెడ మీద అరచేయి పెట్టి పై నుంచి కిందికి నిమిరింది.

"గింత నున్నగ ఎవరు చేసిండ్రు?"

"నేనే."

"మళ్ల నువ్వే కోస్తవా? చేతుల పని ఉంది గాని సారూ, మనసుకే నిలకడ లేదు."

నేను అంతకంటే నిజమైన మాట నా గురించి వినలేదు. ఆమె చెల్లెలి కొడుకు వైపు తిరిగింది. ఆ సంబంధానికి అక్కడ కొడుకనే అంటారు, ఆమె అలాగే పిలిచింది.

"ఏం కొడుకా, గా కట్టె మీద నీకేం కనబడాలె? కాలువ కాడ మేము యాభై మందిమి. పలుగు ఏసెటోడు పలుగు చూస్తడా? నా నోరు చూస్తడు. నా నోట్ల మాట దిగినప్పుడు పలుగు దిగుతది. పలుగు చూసుకుంట ఏసినోడు కాలు మీద ఏసుకున్నడు."

అతను తల వంచుకుని అన్నాడు. "నువ్వు నోరు తెరిస్తె గద పెద్దమ్మా, చూసేది."

ఆమె పోయి చేట ముందు కూర్చుంది. ఒక కాయ ఒలిచింది, ఇంకొకటి ఒలిచింది. నేను కత్తి పట్టుకుని అలాగే ఉన్నాను, కోయాలో వద్దో తెలియక.

"ఏదీ, వాయి. వింట" అంది తల ఎత్తకుండానే.

"కరెంటు లేదు పెద్దమ్మా."

మా అల్మారా నాకు గుర్తొచ్చింది. వాళ్ల ఇంటి తలుపు పాతకాలపు మందపాటి చెక్క. గిటారు తలను తలుపుకు ఆనించమన్నాను. మీటితే తలుపు గుమ్మంది. ఆమె లేచి వచ్చి, గడప మీద కూర్చుని, తలుపుకు చెవి ఆనించింది.

అతను కోత పండుగ పాట మొదలుపెట్టాడు. మూడో స్వరం దగ్గర ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆడ గాదు. జర పైకి."

అతను వేలు జరిపాడు.

"ఎక్కువైంది. కిందికి రా. ఊహూ, ఆగకు, రావాలె, రావాలె. నిలబడితె అది పాట ఎట్లైతది?"

మళ్లీ తప్పాడు. మళ్లీ చెప్పింది. మాటలతో చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చింది. "గిట్ల రా" అని ఆ స్వరం తీసింది.

చిన్నగానే తీసింది. నాలుగు నెలలు వాడని గొంతు మొదట గరగరలాడింది, తర్వాత తేటపడింది. అతను మెడ వైపు చూడడం మానేశాడు. ఆమె నోటి వైపే చూస్తున్నాడు. ఆమె గొంతు ఎక్కడికి పోతే వేలు అక్కడికి జారింది. జారి దాటిపోతే ఆమె చేయెత్తి ఆపింది, అందుకోలేకపోతే ఆగి మళ్లీ తీసింది. ఒక్క స్వరం దిద్దడానికని మొదలుపెట్టిన మనిషి ఆ వరసంతా పాడింది, ఆ తర్వాత పాటంతా పాడింది. తలుపు మోగుతూనే ఉంది. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఒకావిడ రెండో చరణం అందుకుంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి మొహం తిప్పుకుని, కత్తిని సంచిలో పెట్టుకున్నాను.

నేను మొదట అతనడిగినట్టే తెల్ల గీతలు పెట్టి ఇచ్చుంటే, అతను ఆ గీతలే చూసుకుంటూ పండుగకు వాయించేవాడు. ఆమె వెనకాల చాప మీద కూర్చునే ఉండేదేమో. ఈ మాట ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకున్నప్పుడల్లా సంతోషంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది. నా గర్వం వల్ల మంచి జరిగిందని చెప్పుకుంటే రేపు మీరు కూడా ఎవరి మాటా వినరు. ఆమె ఆ రోజు పల్లికాయ ఒలుచుకుంటూ మౌనంగా ఉండిపోతే నా దగ్గర ఏ సమాధానమూ లేదు. కాబట్టి పిల్లలూ, గీతలు పెట్టమంటే గీతలు పెట్టండి.

నేను లేస్తుంటే తమ్ముడు నెమ్మదిగా అడిగాడు. "పండుగకు పాడుతవా పెద్దమ్మా?"

"మరి నువ్వు తప్పు వాయిస్తె ఎవరు చెప్తరు?" అంది చేట అందుకుంటూ.

పండుగకు మా ఆవిడను కూడా తీసుకుపోయాను. చర్చి ముందు భాగంలో జొన్న కంకుల కట్టలు, పల్లి గంపలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు. పెద్దమ్మ ముందు వరసలోకి వచ్చి నిలబడింది, తమ్ముడు గిటారు పట్టుకుని ఆమెకు ఎదురుగా. కీబోర్డు టీచరు మొదట నాలుగు మీటలు నొక్కాడు. కాసేపటికి నొక్కడం మానేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ప్రార్థన కూడిక అయ్యాక ఆమె దగ్గరికి వచ్చి, ఒక మీట నొక్కి, దాని పక్క మీట నొక్కి, "అవ్వా, నువ్వు పాడింది గిదా, గిదా?" అని అడిగాడు. అడగడంలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆమె రెండూ విని, "రెంటి నడుమ ఉంటది నాయనా" అంది. అతను ఆ రెండు మీటల నడుమ సందును వేలితో తడిమాడు. అతనూ నాలాంటి కొలతల మనిషేనని అప్పుడు అర్థమైంది.

నాలుగేళ్లు గడిచాయి. నేను రిటైరయ్యే ఏడు ఎండాకాలంలో పెద్దమ్మ పోయింది. జ్వరమని దవాఖానలో చేర్చిన మూడో రోజే. ఆ ముందు కోత పండుగకు కూడా ఆమె పాడిందని తమ్ముడు చెప్పాడు. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం అతను గోనెసంచితో మా ఇంటికి వచ్చాడు.

"తీగలు గరగరమంటున్నయి అన్నా. మెడ మీద చెక్క అరిగింది. జర సాపు చేస్తవా?"

వరండాలో అదే చాప పరిచి తీగలు విప్పాను. పెట్టెలోంచి రందా తెచ్చుకున్నాను. అలవాటు ప్రకారం ముందు కళ్లు మూసుకుని గోరు లాగాను. తట్టింది. ఇంకొంచెం లాగితే మళ్లీ తట్టింది. కళ్లు తెరిచి వెలుతురుకు పట్టి చూస్తే, నేను అద్దంలా చేసిన చెక్క మీద సన్నటి గుంటలు. నాలుగేళ్లు లావు తీగలు ఒకే చోట నొక్కి, ఒకే చోటికి జారి చేసినవి.

నా అతుకులు విచ్చుకున్నాయేమో అనుకున్నాను. మనసు ఊరుకోక లోపలికి పోయి, నా కొలతల డబ్బాలోంచి ఆ పాత కాగితం పట్టీ వెతికి తెచ్చి మెడ పక్కన ఆనించాను. కొన్ని గుంటలు పెన్సిల్ గీతలకు సరిగ్గా కలిశాయి. కొన్ని కలవలేదు. వడ్లగింజంత ఇటు, వడ్లగింజంత అటు. ఆ గీతల దగ్గర మెట్లుండేవి. ఈ గుంటల దగ్గర ఏ గిటారుకూ మెట్లుండవు.

తమ్ముడు పక్కన గొంతుక్కూర్చుని, మెడ వైపు చూడకుండానే వేలు పెట్టి ఒక గుంట తడిమాడు.

"ఈడ పెద్దమ్మ జరసేపు ఆగి, అప్పుడు కిందికొచ్చేది" అన్నాడు.

నేను ఆ వేలి కింద చెక్క వైపు చాలాసేపు చూశాను. వంకర కనపడితే తీసేసే చేతులు నావి. రందా బ్లేడు మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను.

"సాపు చేస్తె గరగర పోతది గద అన్నా?"

"పోతది" అన్నాను. "ఇవి గూడ పోతయి."

తీగలు పొట్ట దగ్గర ఆనే చోట చిన్న మరలుంటాయి. వాటిని కొద్దిగా తిప్పితే తీగలు చెక్కకు తగలకుండా పైకి లేస్తాయి. గరగర తగ్గడానికి అది చాలు. రందాను పెట్టెలో పెట్టి స్క్రూ డ్రైవరు తీసుకున్నాను.